థార్ డీజిల్ ట్యూనింగ్: ల్యాప్‌టాప్ కంటే ముందు సబ్బు నీళ్లు

కొత్తగా మహీంద్రా థార్ తీసుకున్నోళ్లు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే, అన్నా రీమ్యాప్ చేయిస్తే ఎంత బీహెచ్‌పీ పెరుగుతది, ఎంతైతది అని. బండి ఇంకా వెయ్యి కిలోమీటర్లు కూడా తిరిగుండదు. రీమ్యాప్ అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ)లో ఉన్న ఫైల్ మార్చడం. నాది 2021 డీజిల్ మాన్యువల్, రెండుసార్లు రీమ్యాప్ చేయించిన, మొదటిది తప్పు, రెండోది ఒప్పు, ఆ రెండింటి మధ్యల డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్న.

ముందు నంబర్లు చూద్దాం. నా డీజిల్ థార్‌ది 2184 సీసీ, 3750 ఆర్‌పీఎం దగ్గర 130 బీహెచ్‌పీ, 1600 నుంచి 2800 దాకా 300 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం). టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 7121తో భాగిస్తే బీహెచ్‌పీ వస్తది, ఒకసారి మీరే వేసి చూడండి, 2800 దగ్గర 118 వస్తది, అదే 3750 దగ్గర 130 రావాలంటే టార్క్ 247 ఉంటే సరిపోతది. అంటే బ్రోచర్లో రాసే 130 అనేది టార్క్ పడిపోతున్న చోట ఉన్న నంబర్. మనం రాళ్ల మీద, బురదలో, గట్టు ఎక్కేటప్పుడు ఉండేది 1200 నుంచి 2000 లోపల. అక్కడ కావాల్సింది బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నొక్కి పంపే గాలి అదనపు ప్రెజర్) తొందరగా రావడం, వచ్చేటప్పుడు తన్నకుండా రావడం, పది నిమిషాలు అలాగే లాగినా ఇంజన్ వేడెక్కకపోవడం, అంతే. డైనో (పవర్ కొలిచే మెషిన్) కాగితం మీద 165 చూపిస్తే వాట్సాప్ స్టేటస్‌కి పనికొస్తది, గట్టు ఎక్కడానికి కాదు.

నా మొదటి రీమ్యాప్ సంగతి చెప్తా. ఒకాయన ల్యాప్‌టాప్ పెట్టి నలభై నిమిషాల్లో ఫైల్ ఎక్కించిండు, ముందు లాగ్ (బండి నడుస్తున్నప్పటి సెన్సార్ రీడింగుల రికార్డు) తీయలే, బండి కింద ఒక్కసారి వంగి చూడలే. హైవే మీద సూపర్ అనిపించింది. వారం తర్వాత శ్రీశైలం ఘాట్‌లో బస్సు వెనకాల మూడో గేర్‌లో తొక్కితే వెనక నల్ల పొగ, ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి ఇంజన్ లైట్ వెలిగి పవర్ మొత్తం పోయింది, లింప్ మోడ్, అంటే ఇంజన్‌ని కాపాడడానికి ఈసీయూనే పవర్ తగ్గించేస్తది. కారణం ఏంటంటే టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (టర్బో నొక్కిన వేడి గాలిని చల్లబరిచేది) పోయే హోస్ పైపుకి కింది వైపు క్లాంపు దగ్గర చిన్న పగులు, అది రీమ్యాప్ కంటే ముందు నుంచే ఉంది. స్టాక్ (కంపెనీ సెట్ చేసిన) బూస్ట్‌లో ఈసీయూ ఎట్లనో సర్దుకుపోయింది, బూస్ట్ పెంచేసరికి సర్దుకోలేకపోయింది. ఇట్ల గాలి లీకైతే టర్బో అదే ప్రెజర్ కోసం ఇంకా ఎక్కువ స్పీడ్‌గా తిరుగుతది, గాలి ఇంకా వేడెక్కుతది, మనకేమో బండి కొంచెం డల్‌గా ఉందిలే అనిపిస్తది.

అందుకే మొదటి పని లీక్ టెస్ట్. శానిటరీ షాపులో టర్బో ఇన్లెట్ సైజుకి దగ్గరగా ఉన్న పీవీసీ ఎండ్ క్యాప్ తీసుకోండి, పంచర్ షాపులో ట్యూబ్‌లెస్ వాల్వు ఒకటి అడగండి, క్యాప్‌కి రంధ్రం వేసి వాల్వు బిగించండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఎయిర్ ఫిల్టర్ బాక్స్ నుంచి టర్బోకి పోయే పైపు విప్పి, టర్బో వైపు ఈ క్యాప్ పెట్టి క్లాంపు బిగించండి. క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపు (ఇంజన్ అడుగు నుంచి ఆవిరి బయటకి వచ్చే పైపు) ఆ దారిలో కలిసే చోట మూసేయడం మర్చిపోవద్దు, లేకపోతే గాలంతా ఆయిల్ సంప్‌లోకి పోయి సీళ్ల మీద పడతది. కాలి పంపుతో 8, 10 పీఎస్ఐ చాలు, కంప్రెసర్ పెట్టి 30 ఎక్కించకండి దండం పెడతా. ఇప్పుడు షాంపూ కలిపిన నీళ్లు స్ప్రే బాటిల్‌లో పోసి ప్రతి జాయింట్ మీద, హోస్ అడుగు మీద కొట్టండి, పైన కనిపించేది ఎప్పుడూ బాగానే ఉంటది. నాకైతే చెయ్యి లోపలికి పెట్టి ఫోన్ టార్చ్ కొడితే పాలు పొంగేటప్పుడు అంచున వచ్చే నురగలాగ చిన్న చిన్న బుడగలు కనపడినయి, చుట్టూ నల్లటి ఆయిల్ తడి, దాని మీద ఎర్రమట్టి అతుక్కుని ఉంది. ఆ తడి మట్టి మరక ఎక్కడ కనపడితే అక్కడ అనుమానపడండి. ఇంజన్ వైపు నుంచి కొంచెం సుయ్‌మని రావడం మామూలే, ఏదో ఒక సిలిండర్ వాల్వులు తెరిచి ఉంటయి కాబట్టి.

పైపు విప్పారు కదా, అదే టైంలో ఇంకో పని. తెల్ల బనియన్ గుడ్డ వేలికి చుట్టి ఫిల్టర్ తర్వాత ఉన్న పైపు లోపల తుడవండి. గుడ్డ మీద ఎర్రగా వస్తే ఫిల్టర్ సరిగ్గా కూర్చోలేదని అర్థం, వికారాబాద్ వైపు ఎర్రమట్టిలో తిరిగినోళ్లకి ఇది చాలా కామన్. ఆ దుమ్ము టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ వీల్ అంచుల్ని ఇసుక కాగితంలా అరగదీస్తది. ఆయిల్ పూసే కాటన్ ఫిల్టర్లు పవర్ పెంచుతయి అని అమ్ముతరు గానీ మన దుమ్ములో నేనైతే వేయను, సన్నటి దుమ్ము ఎక్కువ వదులుతయి, పైగా ఆ ఆయిల్ ఎంఏఎఫ్ సెన్సార్ (లోపలికి పోయే గాలిని కొలిచేది) మీద పడి రీడింగ్ చెడగొడతది. కంపెనీ పేపర్ ఫిల్టర్ కొంచెం తొందరగా మార్చుకోండి, అదే మంచి మాడ్. స్నార్కెల్ నీళ్ల కోసం, పవర్ కోసం కాదు, అది కూడా ప్రతి జాయింట్ సీల్ అయితేనే, లేకపోతే బయటకి అందంగా కనిపించే పైపు మాత్రమే.

రెండోది లాగింగ్. ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ రీడింగులని ఫోన్‌కి పంపేది), ఫోన్‌లో యాప్ చాలు. అన్నీ టిక్ పెట్టకండి, చౌక డాంగిల్ అన్నీ చదవలేక నెమ్మదిస్తది, ఆర్‌పీఎం, ఎంఏపీ (ఇంజన్‌లోకి పోయే గాలి మొత్తం ప్రెజర్), ఇన్‌టేక్ టెంపరేచర్ (ఆ గాలి వేడి), రైల్ ప్రెజర్ (ఇంజెక్టర్లకి పోయే డీజిల్ ప్రెజర్), కూలెంట్ వేడి, ఈ ఐదు చాలు. కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఎంఏపీ చూడండి, వైజాగ్‌లో ఐతే దాదాపు 101 కేపీఏ, హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ 95 దగ్గర చూపిస్తది. బూస్ట్ అంటే ఎంఏపీ లోంచి ఈ నంబర్ తీసేస్తే వచ్చేది. ఇంకో మాట, మామూలు ఓబీడీ ఎంఏపీ రీడింగ్ 255 దాటి చూపించలేదు, గ్రాఫ్ అక్కడ గీత గీసినట్టు ఆగిపోతే టర్బో ఆగిందని కంగారు పడొద్దు, అది డాంగిల్ అడిగే లెక్కకి ఉన్న హద్దు.

ఖాళీగా ఉండి కొంచెం ఎత్తు ఎక్కే రోడ్డు చూస్కోండి, పక్కన ఒకరు ఫోన్ పట్టుకోవాలి, డ్రైవర్ ఫోన్ చూడొద్దు. మూడో గేర్‌లో 1400 దగ్గర నుంచి ఫుల్ తొక్కి స్పీడ్ లిమిట్ లోపల ఎంతవరకు పోతదో అంతవరకు, మూడుసార్లు. బూస్ట్ ఏ ఆర్‌పీఎంలో లేస్తుందో, మూడుసార్లూ ఒకేలా లేస్తుందో చూడండి. ఒకసారి లేటు ఒకసారి తొందరగా వస్తుంటే టర్బోలో వీజీటీ వేన్లు (బూస్ట్‌ని సర్దే కదిలే రెక్కలు) మసి పట్టి బిగుసుకుంటున్నయేమో చూపించాలి, ఎప్పుడూ సిటీలో మెల్లగా తిరిగే బండ్లకి ఇది ఎక్కువ. ఇన్‌టేక్ టెంపరేచర్ మూడో రన్‌కి బాగా పెరిగిపోతే ఇంటర్‌కూలర్ సంగతి చూడాలి.

అసలు ఆఫ్‌రోడ్‌లో పవర్ తినేది వేడే. 60 డిగ్రీల దగ్గర గాలి ఇంకో 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత దాదాపు 3 శాతం తగ్గుతది, అంటే 20 డిగ్రీలు పెరిగితే మీరు డబ్బులు పెట్టి కొన్న దాంట్లో మంచి ముక్క అక్కడే పోయింది. రోడ్డు మీద ఐతే ఎదురుగాలి ఉంటది, లో రేంజ్‌లో (ఫోర్ వీల్ డ్రైవ్‌లో మెల్లగా, బలంగా లాగే గేరింగ్) గంటకి 8 కిలోమీటర్ల మీద ఏం గాలి ఉంటది, ఫ్యాన్ ఒక్కటే దిక్కు. దానికి తోడు నల్లరేగడి ఇంటర్‌కూలర్ ఫిన్నుల్లో పడి ఎండిందంటే సిమెంటే. ప్రతి ట్రిప్ తర్వాత ఇంజన్ వైపు నుంచి బయటకి, మామూలు పైపు నీళ్లతో, ఓపికగా కడగండి. కార్ వాష్ వాళ్ల ప్రెజర్ గన్ దగ్గర పెట్టి కొడితే ఫిన్నులు పడుకుంటయి, మా ఫ్రెండ్‌ది అట్లనే పోయింది. ఇంటర్‌కూలర్‌కి, రేడియేటర్‌కి మధ్య ఉన్న సందు మర్చిపోకండి, ఎండుటాకులు గడ్డి అంతా అక్కడే దాక్కుంటది.

టైర్ల గురించి చిన్నగా. 245/75 ఆర్16 టైరు ఎత్తు దాదాపు 30.5 అంగుళాలు, 285/70 ఆర్17 వేస్తే 32.7, అంటే చక్రం దగ్గర లాగే బలం 7 శాతం పోయినట్టే, దానికి టైరు బరువు అదనం. ముందు పెద్ద టైర్లు వేసి తర్వాత లాగట్లేదు అని రీమ్యాప్‌కి పోవడం చాలా మంది చేసే పని. ఇసుకలో ఐతే టైర్లలో గాలి 16, 18 పీఎస్ఐకి దించితే వచ్చే తేడా ఏ ఫైలూ ఇవ్వదు, తిరిగి రోడ్డెక్కే ముందు నింపుకోవాలి మరి.

ఇవన్నీ అయినాక రీమ్యాప్. డీజిల్‌లో ట్యూనర్ ముట్టుకునేవి ముఖ్యంగా ఇంజెక్షన్ క్వాంటిటీ, రైల్ ప్రెజర్, ఇంజెక్షన్ టైమింగ్, బూస్ట్ టార్గెట్, వాటి మీద టార్క్ లిమిటర్, స్మోక్ లిమిటర్. స్మోక్ లిమిటర్ అంటే ఇంత గాలి ఉంటేనే ఇంత డీజిల్ అని కాపలా కాసేది. దాన్ని తీసేసి డీజిల్ గుమ్మరిస్తే పొగ, పొగతో పాటు ఎగ్జాస్ట్ వేడి. అందుకే రైల్ ప్రెజర్ సిగ్నల్‌ని తప్పుగా చెప్పి ఎక్కువ డీజిల్ కొట్టించే ట్యూనింగ్ బాక్సులు నాకు నచ్చవు, ఈసీయూకి అబద్ధం చెప్పి పని చేయించుకోవడమే అది. పెడల్ బాక్సులైతే పవరే ఇవ్వవు, సగం తొక్కితే ముప్పావు తొక్కినట్టు చూపిస్తయి, రాళ్ల మీద కాలు కొంచెం కదిలితే బండి దూకుతది.

ట్యూనర్ దగ్గర అడగాల్సినవి: నా ఒరిజినల్ ఫైల్ కాపీ పెన్‌డ్రైవ్‌లో ఇస్తరా, లాగ్ చూసి మారుస్తరా లేక రెడీమేడ్ ఫైలా, ఎత్తు ప్రదేశాల కరెక్షన్ అట్లనే ఉంచుతరా. చివరిది ఎందుకంటే, ఖర్దుంగ్ లా 5359 మీటర్లు, అక్కడ గాలి ప్రెజర్ సముద్ర మట్టంలో ఉన్నదాంట్లో సగమే. ఎంఏపీ 2.2 బార్ (220 కేపీఏ) కావాలంటే వైజాగ్‌లో టర్బో 2.2 రెట్లు నొక్కితే చాలు, అక్కడ నాలుగు రెట్ల పైన నొక్కాలి, స్పీడ్ హద్దు దాటి షాఫ్ట్ పోతది. కంపెనీ ఈసీయూ అక్కడ కావాలనే తగ్గిస్తది, లడాఖ్ ప్లాన్ ఉన్నోళ్లు దాన్ని ముట్టనివ్వొద్దు.

నేను రెండోసారి టార్క్ 345 దగ్గర ఆపమన్న, అది కూడా 1800 తర్వాతే పూర్తిగా రావాలి అని చెప్పిన. 1400 దగ్గరే మొత్తం కావాలంటే కనెక్టింగ్ రాడ్ల మీద, క్లచ్ మీద పడతది. ఎగ్జాస్ట్ టెంపరేచర్ గేజ్ పెట్టించుకుంటే మంచిది, కే టైప్ థర్మోకపుల్, టర్బో కంటే ముందు మానిఫోల్డ్‌లో. రంధ్రం వేయాలంటే మానిఫోల్డ్ విప్పి వేయాలి, బండి మీదనే డ్రిల్ పెడితే ఇనుప రజను నేరుగా టర్బైన్‌లోకి పోతది. లాంగ్ క్లైంబ్‌లో 750 డిగ్రీలు దాటి నిలబడితే కాలు తీసేయండి, గేర్ దించండి. గట్టిగా లాగిన తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో పెట్టి ఆపితే టర్బో బేరింగుల్లో ఆయిల్ మాడదు.

డీపీఎఫ్ (డీజిల్ పొగలో మసిని పట్టే ఫిల్టర్) పీకేస్తమని చెప్పేటోళ్లు ఉంటరు, వద్దు. పొల్యూషన్ సంగతి అటుంచి అది చట్టవిరుద్ధం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చొద్దని చెప్తది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. రీమ్యాప్‌తో వారంటీ పోయే ఛాన్స్ ఉంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో కూడా అడ్డు రావచ్చు, ఇవి తెలిసే దిగండి.

పెట్రోల్ థార్ వాళ్లకి ఒక్కటే, అది డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో, తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ గేర్‌లో పెట్టి ఫుల్ తొక్కితే స్పార్క్ రాకముందే మంట అంటుకునే ప్రమాదం ఉంటది, పిస్టన్ పగలడానికి ఒక్కసారి చాలు. ట్యూన్ ఏ ఆక్టేన్ (పెట్రోల్ గ్రేడ్) కి చేయించారో ఆ ఆక్టేనే ఎప్పుడూ పోయించాలి, ఊర్లో బంకులో అది దొరకదు అనుకుంటే మామూలు పెట్రోల్‌కే చేయించుకోండి.

చివరగా క్లచ్ టెస్ట్, మాన్యువల్ వాళ్లకి. ఖాళీ రోడ్డు మీద ఐదో గేర్‌లో 1800 దగ్గర ఫుల్ తొక్కండి, ఆర్‌పీఎం ముందు ఎగిరి స్పీడ్ వెనకాల వస్తే క్లచ్ జారుతున్నట్టే, ఫైల్ వెనక్కి మార్పించండి లేదా క్లచ్ మార్చండి. నాది మొదటి ఫైల్‌తోనే జారడం మొదలైంది, కాలిన వాసన వస్తుంటే బ్రేకులేమో అనుకుని రెండు నెలలు తిరిగిన. రీమ్యాప్ అయినాక అదే రోడ్డు మీద, అదే గేర్‌లో, వీలైతే అదే టైంలో మళ్లీ లాగ్ తీసి పాతదాని పక్కన పెట్టి చూడండి, వెయ్యి కిలోమీటర్లకి ఇంకోసారి, అప్పటిదాకా ఆ క్యాప్, స్ప్రే బాటిల్ డిక్కీలోనే ఉండనివ్వండి.