100 హెర్ట్జ్ దగ్గర శిఖరం: చివరికి తేలింది ఇలా

మా పంపు మోటారు రెండు పోల్స్‌ది, 2960 ఆర్‌పీఎం. వైబ్రేషన్ ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ఉందో చూపే స్పెక్ట్రమ్‌లో 100 హెర్ట్జ్ దగ్గర పెద్ద శిఖరం, రీడింగ్ కూడా ఒకచోట నిలవదు, శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉండేది. అలైన్‌మెంట్ (మోటారు, పంపు షాఫ్టులు ఒకే వరసలోకి తేవడం) రెండుసార్లు చేశాం, వాటిని కలిపే కప్లింగ్ మార్చాం, బేరింగూ మార్చాం, ఫలితం సున్నా.

తప్పు నా సెట్టింగ్‌లోనే ఉంది. 1000 హెర్ట్జ్ వరకు 400 లైన్లు (స్పెక్ట్రమ్‌ను విడగొట్టే గీతలు) పెట్టుకుంటే ఒక్కో గీతకు 2.5 హెర్ట్జ్ దూరం, మరి సెకనుకు 49.33 చుట్ల వేగానికి రెట్టింపు 98.67, 50 హెర్ట్జ్ కరెంటుకు రెట్టింపు 100, ఈ రెండూ అందులో విడివిడిగా ఎలా కనబడతాయి? అందుకే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 200కి తగ్గించి, లైన్లు 3200 చేసి, హ్యానింగ్ విండో (రికార్డు మొదలు, చివర సిగ్నల్‌ను మెల్లగా తగ్గించే సెట్టింగ్) పెట్టాను. ఒక్కో రికార్డుకు 16 సెకన్లు పడుతుంది, ఆ కాసేపు లోడ్ మారకుండా చూడమని ఆపరేటర్‌ని బతిమాలాల్సి వచ్చింది. అప్పుడు రెండు శిఖరాలు విడిపోయాయి, పెద్దది సరిగ్గా 100 మీద. తర్వాత లైవ్‌లో చూస్తూ మోటారు ఆపించాను. కరెంటు తీసిన క్షణమే అది మాయం, రెండోది మాత్రం వేగంతో పాటు మెల్లగా కిందికి జారింది.

అంటే ఆ పెద్ద శిఖరం కరెంటు వల్ల వచ్చేదే, అలైన్‌మెంట్ కాదు. మోటారు కాళ్ల దగ్గర డయల్ గేజ్ పెట్టి బోల్టులు ఒక్కొక్కటిగా వదులు చేస్తే ఒక కాలు పైకి లేచింది, అంటే అది కింద సరిగా ఆనడం లేదు. షిమ్ (పలచటి రేకు) వేసి బిగించాక 100 బాగా తగ్గింది.

మీకూ ఇదే కారణమని చెప్పలేను, స్టేటర్ (మోటారులో తిరగని భాగం) వదులైనా ఇలాగే కనబడొచ్చు. వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగం మార్చే డ్రైవ్) ఉంటే 100 బదులు దాని అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు చూడండి.