విటమిన్ డి తక్కువైతే: రిపోర్టు చదవడం నుంచి డోసు దాకా

నీరసం, ఒళ్లు నొప్పులు, జుట్టు రాలడం చూసి విటమిన్ డి తక్కువని తేల్చేయలేం. రక్తహీనత, థైరాయిడ్, నిద్ర చాలకపోవడం కూడా ఇలాగే కనిపిస్తాయి. లోపం బాగా ముదిరితే కనిపించేవి వేరు: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోవడం, మెట్లెక్కుతుంటే తొడల్లో సత్తువ లేనట్టుండటం, మోకాలి కింద ముందువైపు ఎముకను బొటనవేలితో నొక్కితే లోపల్నుంచి నొప్పి పుట్టడం. పిల్లల్లో మణికట్లు లావెక్కుతాయి, కాళ్లు వంగి దొడ్డికాళ్లవుతాయి, నడినెత్తిన మాడు పూడటం ఆలస్యమవుతుంది.

చేయించుకోవాల్సిన పరీక్ష 25-హైడ్రాక్సీ విటమిన్ డి. 1,25-డైహైడ్రాక్సీ అని ఇంకోటి ఉంది. పేర్లు దగ్గరగా ఉండటంతో పొరపాటున అది చేయించేవాళ్లూ ఉన్నారు. నిల్వలు అడుగంటినా అది నార్మల్‌గానే రావచ్చు, ఒక్కోసారి ఎక్కువగానూ రావచ్చు. డి తగ్గగానే, రక్తంలో కాల్షియంను అదుపులో ఉంచే పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది, ఉన్న కాస్త నిల్వనూ కిడ్నీల్లో ఆ రూపంలోకి మార్పిస్తుంది. పరగడుపున వెళ్లనక్కర్లేదు. జుట్టుకని వేసుకునే బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు ఎక్కువ డోసులో వాడుతుంటే మాత్రం ల్యాబ్‌లో ముందే చెప్పండి. కొన్ని మెషీన్లలో దానివల్ల అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

రిపోర్టులో ముందు యూనిట్ చూడండి. మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో 20 అంటే, లీటరుకు నానోమోల్స్‌లో 50. ఇది గమనించక కంగారుపడేవాళ్లూ, ధీమాగా ఉండిపోయేవాళ్లూ ఉంటారు. నానోగ్రాముల లెక్కన 12 లోపుంటే తీవ్రమైన లోపం, 20 లోపు లోపమే. 20 నుంచి 30 మధ్య ఉంటే నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఎముకల జబ్బు లేనివాళ్లు ఆ అంకె చూసి పెద్ద డోసుల జోలికి పోనక్కర్లేదు.

లోపం ఖాయమైతే పెద్దవాళ్లకు సాధారణంగా వారానికి ఒకటి చొప్పున 50,000 యూనిట్ల (ఐయూ) డి3 (విటమిన్ డి లో ఒక రకం), 8 వారాలు రాస్తారు. లేదా రోజుకు 6,000 యూనిట్లు ఇస్తారు. అసలు తిప్పలు ఇక్కడే వస్తాయి. వారానికి వేసుకోవాల్సిన క్యాప్సూల్‌ను రోజూ మింగేస్తే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది: తీరని దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, మలబద్ధకం, మతిస్తిమితం తప్పడం, చివరికి కిడ్నీలు దెబ్బతినడం. విటమిన్ డి కొవ్వులో నిల్వ ఉంటుంది కాబట్టి మందు ఆపేసినా ప్రభావం వారాల తరబడి పోదు. స్ట్రిప్ మీద "ఆదివారం మాత్రమే" అని పెన్నుతో రాసుకుంటే ఈ గొడవే ఉండదు. ఏడాదికి సరిపడా ఒకేసారి వేసేసుకోవడమూ తెలివైన పని కాదు. ఏడాదికోసారి 5,00,000 యూనిట్లు ఇచ్చి చూసిన పరిశోధనలో వృద్ధ మహిళలు పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయి.

క్యాప్సూల్‌ను నూనో నెయ్యో ఉన్న పెద్ద భోజనంతో వేసుకోండి. ఖాళీ కడుపున సరిగా ఒంటపట్టదు. ఆహారంలో కాల్షియం చాలకపోతే అదీ సరిచూడాలి. డి ఒక్కటే వచ్చి ఎముక గట్టిపడదు. కోర్సు అయ్యాక చాలామంది అంతటితో వదిలేస్తారు, కొన్ని నెలలకు అంకె మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత కూడా రోజువారీ మోతాదు కావాలి. 70 ఏళ్ల వరకు 600, ఆ పైన 800 యూనిట్లు సగటు అవసరానికి సరిపోతాయి. లోపం వచ్చి తగ్గినవాళ్లకు డాక్టర్లు 1,500 నుంచి 2,000 దాకా చెబుతారు. సొంతంగా రోజుకు 4,000 దాటొద్దు. లేబుల్ మీద మైక్రోగ్రాములు ఉంటే 40తో హెచ్చవేయండి, యూనిట్లు వస్తాయి.

మళ్లీ పరీక్ష 3 నెలలకు. నెల తిరక్కుండానే చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు. అప్పటికీ పెరగలేదంటే డోసు పెంచేముందు కారణం వెతకాలి. ఊబకాయం ఉన్నవాళ్లకు రెండు మూడు రెట్లు పట్టవచ్చు. మూర్ఛకు వాడే ఫినైటాయిన్, ఫినోబార్బిటాల్, టీబీకి వాడే రిఫాంపిసిన్ డి ని త్వరగా కరిగించేస్తాయి. సీలియాక్ జబ్బు (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినడం) ఉన్నా, బరువు తగ్గించే ఆపరేషన్ అయి ఉన్నా పేగుల్లోంచి ఎక్కదు.

కిడ్నీ జబ్బు, కిడ్నీలో రాళ్లు, సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి చోట్ల చిన్న చిన్న వాపు గడ్డలు వచ్చే జబ్బు), పారాథైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు, థయజైడ్ (బీపీకి ఇచ్చే, మూత్రం ఎక్కువయ్యే మందు) లేదా డిగాక్సిన్ (గుండె మందు) వాడేవాళ్లు డాక్టరును అడగకుండా పెద్ద డోసు ముట్టుకోవద్దు.

ఇక ఎండ. పొద్దున్నే లేత ఎండలో నిలబడితే చాలనుకుంటారు గానీ, అప్పుడు సూర్యుడు వాలుగా ఉంటాడు, అవసరమైన యూవీ-బి కిరణాలు చాలావరకు గాలిలోనే ఆగిపోతాయి. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడే పని జరుగుతుంది. ముఖం ఒక్కటే చాలదు, చేతులు, కాళ్లు బయట ఉండాలి. కిటికీ అద్దం వెనక గంటలు కూర్చున్నా లాభం లేదు. అద్దం ఆ కిరణాలను దాటనివ్వదు. చామనఛాయ, నలుపు చర్మానికి ఎక్కువసేపు పడుతుంది. అలాగని ఒళ్లు మాడేదాకా ఉండొద్దు. కొంతసేపయ్యాక చర్మంలో అదనంగా తయారైనది ఆ ఎండకే వేరే పదార్థాలుగా మారిపోతుంది, మిగిలేది కమిలిన చర్మమే.