చిగుళ్ల వాపు: కణం లోపల ఏం జరుగుతోంది? – 4వ భాగం: ఎంజైమ్ దారిని గీయడం

పోయిన భాగంలో, పాచిలోని బ్యాక్టీరియా చిగురును తాకగానే మాక్రోఫేజ్ అనే తెల్ల రక్తకణం ఎలా రంగంలోకి దిగుతుందో చూశాం. ఇవాళ ఆ కణం లోపలికి వెళ్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. బొమ్మ గీసుకుంటేనే ఈ పాఠం ఎక్కుతుంది.

ఏ ఎంజైమ్ పేరు కనబడినా మూడు ప్రశ్నలు వేసుకోండి. అది దేన్ని పట్టుకుంటుంది? దాన్ని దేనిగా మారుస్తుంది? దాని పని ఆగితే ఏది పేరుకుపోతుంది?

సక్సినేట్ డీహైడ్రోజినేస్‌తో మొదలుపెడదాం. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు ఇది పాత పరిచయమే. మలోనేట్ అనే రసాయనం దీన్ని అడ్డుకుంటుందని చదివే ఉంటారు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో, క్రెబ్స్ వలయం అనే రసాయన చర్యల చక్రంలో ఇది సక్సినేట్‌ను ఫ్యూమరేట్‌గా మారుస్తుంది. రెండు పేర్లు రాసి, మధ్యలో బాణం గీసి, బాణం మీద ఎంజైమ్ పేరు రాయండి.

బ్యాక్టీరియా గోడలోని ఎల్‌పీఎస్ అనే పదార్థం తగలగానే మాక్రోఫేజ్ తీరే మారిపోతుంది. ఆక్సిజన్ అందుతున్నా గ్లైకాలసిస్ (ఆక్సిజన్ అవసరం లేకుండా గ్లూకోజ్‌ను విడగొట్టే దారి) మీదే ఎక్కువగా ఆధారపడుతుంది, గ్లూకోజ్‌ను గబగబా వాడేస్తుంది. క్రెబ్స్ వలయం మామూలుగా తిరగదు, సక్సినేట్ పేరుకుంటుంది. ఆ సక్సినేట్ హిఫ్-1 ఆల్ఫా అనే ప్రొటీన్‌ను నిలబెట్టి, ఐఎల్-1 బీటా అనే వాపును పెంచే సంకేత ప్రొటీన్ తయారీని పెంచుతుందని డబ్లిన్ ట్రినిటీ కాలేజీలోని ల్యూక్ ఓనీల్ బృందం 2013లో చూపించింది. చిగుళ్లలో ఐఎల్-1 బీటా పెరిగితే కొలాజెన్‌ను (చిగురును పట్టి ఉంచే ప్రొటీన్ పోగులను) కోసే ఎంజైమ్‌లు ఎక్కువవుతాయి, ఎముకను కరిగించే కణాలు చురుకవుతాయి. పన్ను కదులుతోందని డాక్టర్ దగ్గరికి వెళ్లే సరికి ఈ పని చాలా దూరం వచ్చేసి ఉంటుంది.

ఇప్పుడు చిక్కుముడి. అదే మాక్రోఫేజ్ ఏకోడ్-1 అనే మరో ఎంజైమ్‌ను కూడా తయారుచేస్తుంది. అది క్రెబ్స్ వలయంలోనే ఉండే సిస్-అకోనిటేట్ నుంచి ఇటాకోనేట్‌ను పుట్టిస్తుంది. ఇటాకోనేట్ అచ్చం మలోనేట్ లాగే సక్సినేట్ డీహైడ్రోజినేస్‌ను అడ్డుకుంటుంది. అంటే సక్సినేట్ ఇంకా పేరుకోవాలి, వాపు ఇంకా పెరగాలి కదా? జరిగేది వేరు. ఏకోడ్-1 లేని, అంటే ఇటాకోనేట్ తయారుకాని ఎలుకల మాక్రోఫేజ్‌లలో సక్సినేట్ పెద్దగా పేరుకోలేదు, ఐఎల్-1 బీటా మాత్రం ఎక్కువైంది!

ఇక్కడ కాసేపు ఆగండి, పాఠం మొత్తంలో ముఖ్యమైన చోటు ఇదే. సక్సినేట్ ఊరికే కూర్చుంటే ఇబ్బంది తక్కువ. డీహైడ్రోజినేస్ దాన్ని వేగంగా ఆక్సీకరణం చేస్తుంటే మైటోకాండ్రియాలో హానికర ఆక్సిజన్ అణువులు పుడతాయి, వాపును అవి ఎగదోస్తాయి. ఇటాకోనేట్ ఆ ఆక్సీకరణకే బ్రేక్ వేస్తుంది. కాబట్టి మన జాబితాకు నాలుగో ప్రశ్న కలపండి: పేరుకున్నదాన్ని ఎవరు వాడుకుంటున్నారు? పరిశోధన వార్తల్లో 'ఫలానాది పెరిగింది, అందుకే జబ్బు' అని కనిపించినప్పుడల్లా ఈ ప్రశ్న వేయండి.

ఈ లెక్క నోట్లో ఎలా కనబడుతుందంటే, దంత వైద్యులు మిల్లీమీటర్ గీతలున్న సన్నని ప్రోబ్‌ను చిగురుకూ పంటికీ మధ్య మెల్లగా దింపుతారు. 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు, రక్తం లేకపోతే సాధారణంగా బాగున్నట్టే. 4 లేదా అంతకంటే ఎక్కువ ఉండి రక్తం కూడా వస్తే చిగుళ్ల జబ్బును అనుమానించాలి. పరిశోధకులైతే అదే సందులో చిన్న కాగితపు ముక్క పెట్టి, అది పీల్చుకున్న ద్రవంలో ఐఎల్-1 బీటాను కొలుస్తారు.

ఇక అభ్యాసం. కణపొరల్లోని కొవ్వు నుంచి విడుదలయ్యే అరాకిడోనిక్ ఆమ్లాన్ని కాక్స్-2 ఎంజైమ్ పట్టుకుంటుంది, ఆ తర్వాత ఇంకో ఎంజైమ్ చేతిలో అది ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే వాపు సంకేతం అవుతుంది. ఎముక కరగడంలో దీనికీ వాటా ఉంది. ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర కాక్స్‌ను అడ్డుకుంటుంది. నాలుగు ప్రశ్నలతో ఈ దారి గీయండి. ఒక ఆధారం ఇస్తాను: అరాకిడోనిక్ ఆమ్లాన్ని లైపాక్సిజనేస్ అనే ఎంజైమ్ కూడా పట్టుకుంటుంది. మాత్ర వేసుకున్న రోజున మీ బొమ్మలో ఏ బాణం లావెక్కవచ్చు, పాచి ఎక్కడ ఉంది, రెండూ గుర్తుపెట్టి ఉంచండి. వచ్చే భాగం అక్కడి నుంచే.