అడవి పక్క రిసార్టులో దిగుతున్నారా? టీనేజీ పిల్లలతో వెళ్లేవారికి జాగ్రత్తలు

2019 ఆగస్టులో మలేసియాలో, అడవి అంచున ఉన్న రిసార్టులో దిగిన తొలి రాత్రే 15 ఏళ్ల అమ్మాయి మాయమైంది. తెల్లారి చూస్తే కింది అంతస్తు కిటికీ తెరిచి ఉంది. పదో రోజున, దాదాపు రెండున్నర కిలోమీటర్ల అవతల వాగు దగ్గర మృతదేహం దొరికింది. 2021 జనవరిలో కరోనర్ (అనుమానాస్పద మరణాలపై విచారణ జరిపే అధికారి) ప్రమాదవశాత్తు మరణమన్నారు. అదే ఏడాది జూన్‌లో హైకోర్టు ఆ తీర్పును మార్చి, కారణం తేలలేదని 'ఓపెన్ వర్డిక్ట్' ఇచ్చింది. ఎవరైనా తప్పిపోయినప్పుడు కంగారులో మనవాళ్లే తెలియక ఆనవాళ్లు చెరిపేసే ప్రమాదం ఉంది.

దిగగానే, సామాను విప్పకముందే ప్రతి తలుపు గడియ, కిటికీ కొక్కెం లాగి చూడండి. ఒక్కటి పట్టకపోయినా గది మార్చమనండి. తలుపు తెరుచుకుంటే మోగే చిన్న బ్యాటరీ అలారం వెంట తీసుకెళ్లడం మంచిది. తొలి రాత్రిని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రయాణ బడలిక, నిద్రలేమి, కొత్త గది కలిస్తే నిద్రలో నడిచే అలవాటున్న పిల్లలు మళ్లీ లేచి నడవచ్చు. పెద్దవాళ్లలో ఒకరు బయటి తలుపున్న అంతస్తులోనే పడుకోవాలి.

రోజూ పొద్దున పిల్లల్ని నిలబెట్టి ఒక ఫొటో తీయండి. ఆ రోజు ఏం వేసుకున్నారో కంగారులో ఎవరికీ గుర్తుండదు. మడిచిన తువ్వాలు మీద అల్యూమినియం ఫాయిల్ పరిచి బూటుతో గట్టిగా తొక్కిస్తే అడుగు ముద్ర పడుతుంది. బురదలో కనిపించిన అడుగులు ఎవరివో తేల్చడానికి వెతికేవాళ్లకు అదే ఆధారం. జేబులో రిసార్టు పేరు, ఫోన్ నంబరు స్థానిక భాషలో రాసిన చీటీ, మెడలో విజిల్ ఉండాలి. మూడు ఊదులు, కాస్త ఆగడం, మళ్లీ మూడు: ఆపదకు గుర్తు అదే. అరిస్తే గొంతు కాసేపటికే పోతుంది.

తప్పిపోతే ఉన్నచోటే ఆగిపొమ్మని నేర్పండి. 2009లో జర్మనీ పరిశోధకులు చూపినట్టు, సూర్యుడు కనబడని అడవిలో మనిషి తిన్నగా వెళ్తున్నాననుకుంటూనే గుండ్రంగా తిరుగుతాడు. వాగు వెంట పోతే ఊరొస్తుందన్న నమ్మకం ఇంకా ప్రమాదం: జారుడు రాళ్లు, తడి బట్టలు, పైగా నీటి హోరులో పిలుపు వినబడదు. తడిస్తే మంచు లేని చోట కూడా ఒళ్లు చల్లబడి ప్రాణం మీదికి వస్తుంది. టీనేజీ పిల్లలతో ఇంకో చిక్కు, తిడతారన్న భయంతో పిలిచినా పలకరు. 'తప్పిపోతే తిట్టం' అని ముందే చెప్పండి. మానసిక ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లలైతే ఏ పేరుకు పలుకుతారో, దేనికి బెదురుతారో ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి.

కనబడలేదా? ముందు నీళ్లున్న చోట్లు చూడండి: కొలను, వాగు, బావి. తర్వాత మంచాల కింద, బాత్రూమ్, కారు. పదిహేను నిమిషాల్లో దొరక్కపోతే పోలీసులకు ఫోన్ చేయండి. 24 గంటలు ఆగాలన్నది వట్టి అపోహ.

వెతికేవాళ్లు వెళ్లినా ఒకరు గదిలోనే ఉండాలి. తెరిచి ఉన్న కిటికీని మూయొద్దు, పక్క సర్దొద్దు, ఆ కిటికీ కింద నేల తొక్కొద్దు. విడిచిన బట్టను చేత్తో ముట్టకుండా, శుభ్రమైన కవరును చేతికి తొడుక్కుని పట్టి, కవరు తిరగేసి మూతి కట్టండి. జాగిలాలకు ఇతరుల వాసన కలవకూడదు. పిల్లల ఫోన్‌కు అదేపనిగా కాల్ చేస్తే బ్యాటరీ అయిపోతుంది. 'ఉన్నచోటే ఉండు, వస్తున్నాం' అని ఒక్క మెసేజ్ చాలు. కాల్ కలవని బలహీన సిగ్నల్‌లో కూడా మెసేజ్ వెళ్లే వీలుంది. సీసీ కెమెరా రికార్డింగులు కొద్ది రోజులకే చెరిగిపోయి వాటి మీదే కొత్తవి పడతాయి. అందుకే అదే రోజు, కాపీ తీసి పెట్టమని రిసార్టు వాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వండి.