అమెరికా అప్పీలు జడ్జి మీద సెమినార్ పేపరు: విశాఖలో కూర్చుని రాసేవాళ్లకి

ఆంధ్రా యూనివర్సిటీ అంబేద్కర్ లా కాలేజీలో చదువుతున్నా, సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలో చదువుతున్నా, విదేశీ న్యాయమూర్తి జీవితం, తీర్పుల మీద పేపరు రాయమంటే చాలామంది ముందు వార్తలు వెతుకుతారు. పేపరు అక్కడే పక్కదారి పడుతుంది. వార్తల్లో దొరికేది ఆ జడ్జిని ఎవరు పొగిడారు, ఎవరు తిట్టారు అన్నదే. పేపరుకి కావలసింది ఏ సీటులోకి ఏ రోజు వచ్చారు, ఎవరి పక్కన కూర్చున్నారు, ఏ తీర్పు స్వయంగా రాశారు అన్న లెక్క. ఆ లెక్కంతా విశాఖలో కూర్చునే, దాదాపు పైసా ఖర్చు లేకుండా తీయొచ్చు. వరుస తప్పకుండా తీయాలి, అంతే.

మొదట మన హైకోర్టు మూసని పక్కన పెట్టండి

నేలపాడులోని మన హైకోర్టు తలలో పెట్టుకుని రాస్తే నాలుగు చోట్ల దెబ్బ తింటారు. అమెరికాలో ఫెడరల్, అంటే కేంద్ర, అప్పీలు కోర్టులు 13. అంకెలతో పిలిచే సర్క్యూట్లు 11, వాషింగ్టన్‌లోని డీసీ సర్క్యూట్ ఒకటి, పేటెంట్ల వంటి ప్రత్యేక విషయాలు చూసే ఫెడరల్ సర్క్యూట్ ఇంకొకటి. ఈ వ్యవస్థ 1891 చట్టంతో వచ్చింది. అన్నిట్లో కలిపి చట్టం మంజూరు చేసిన సీట్లు 179. తొమ్మిదో సర్క్యూట్‌కి 29 సీట్లుంటే ఒకటో సర్క్యూట్‌కి ఆరే. కాబట్టి 'అప్పీలు కోర్టు జడ్జి' అని ఊరుకోకండి, ఏ సర్క్యూటో మొదటి వాక్యంలోనే రావాలి.

రెండోది, రిటైర్మెంటు. మన దగ్గర హైకోర్టు జడ్జికి 62 ఏళ్లు నిండితే దిగిపోవాలి. అక్కడ వయసు హద్దు లేదు, సత్ప్రవర్తన ఉన్నంతకాలం పదవే. అయితే సీనియర్ స్టేటస్ అని ఒక దారి ఉంది. 65 ఏళ్ల వయసు, 15 ఏళ్ల సర్వీసు ఉంటే దాన్ని తీసుకోవచ్చు. వయసు పెరిగేకొద్దీ సర్వీసు తగ్గుతూ 70 ఏళ్లకి 10 ఏళ్లు చాలు. రెండూ కలిపితే 80 రావాలన్నమాట. సీనియర్ స్టేటస్ తీసుకున్నవాళ్లు తక్కువ కేసులతో కోర్టులో కొనసాగుతారు, సీటు మాత్రం ఖాళీ అవుతుంది. దీన్ని 'పదవీ విరమణ' అని రాసి, రెండు పేజీల తర్వాత అదే జడ్జి తీర్పుని ఉదహరిస్తే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

మూడోది, బదిలీ. హైకోర్టు జడ్జిల బదిలీకి మన రాజ్యాంగంలో ఉన్న 222వ అధికరణం లాంటిది వాళ్లకి లేదు. ఒక సర్క్యూట్‌లో చేరినవాళ్లు అక్కడే ఉంటారు. నాలుగోది, ప్రమోషన్. కింది కోర్టు నుంచి వచ్చినా అది ప్రమోషన్ కాదు, అధ్యక్షుడి కొత్త నామినేషన్, సెనేట్‌లో కొత్త ఓటింగ్. ఆరో సర్క్యూట్‌లో ఉన్న అముల్ థాపర్ 2008లో కెంటకీలో జిల్లా జడ్జి అయ్యారు. 2017లో అప్పీలు కోర్టుకి వెళ్లడానికి మళ్లీ సెనేట్ ముందుకి రావలసి వచ్చింది, 52–44తో గట్టెక్కారు. చాలామంది అసలు కింది కోర్టులో కూర్చోకుండానే నేరుగా వస్తారు.

కాగితాల వరుస

మొదటి కాగితం ఫెడరల్ జ్యుడీషియల్ సెంటర్ వాళ్ల జీవిత వివరాల పట్టిక. 1789 నుంచి జీవితకాల పదవిలో ఉన్న ఫెడరల్ జడ్జిలందరూ ఇందులో ఉంటారు, ఉచితం. పుట్టిన సంవత్సరం, చదువు, ఉద్యోగాలు, ఎవరి స్థానంలో వచ్చారు, నామినేషన్, సెనేట్ ఆమోదం, కమిషన్ (నియామక పత్రం) తేదీలు అన్నీ అర పేజీలో దొరుకుతాయి. మీ పేపరుకి ఇదే వెన్నెముక.

వెతికేటప్పుడు పేరు దగ్గర జాగ్రత్త. శ్రీ శ్రీనివాసన్ అని లోకం పిలిచే డీసీ సర్క్యూట్ జడ్జి ఆ పట్టికలో శ్రీకాంత్ శ్రీనివాసన్‌గా ఉంటారు. 'శ్రీ' అంటే మనకి గౌరవవాచకం. అందుకని దాన్ని వదిలేసి వెతికేవాళ్లున్నారు. అక్కడది ఆయన పేరులో భాగం. అదే కోర్టులోని నియోమీ రావుని 'రావు' చూసి తెలుగావిడ అని రాసేయకండి. ఆమె తల్లిదండ్రులు భారతదేశం నుంచి వెళ్లిన పార్సీలు, ఆమె పుట్టింది డెట్రాయిట్‌లో.

రెండో కాగితం అమెరికా పార్లమెంటు వెబ్‌సైటు కాంగ్రెస్ డాట్ గవ్‌లో నామినేషన్ చరిత్ర. ఇక్కడ ఒకే మనిషికి రెండు నామినేషన్లు కనిపిస్తే కంగారు పడొద్దు. సెనేట్ ఓటు వేయకుండా కాలం ముగిస్తే నామినేషన్ అధ్యక్షుడికి తిరిగి వెళ్లిపోతుంది, మళ్లీ పంపాలి. శ్రీనివాసన్‌కి జరిగిందదే. 2012 జూన్‌లో మొదటిసారి, 2013 జనవరిలో రెండోసారి పంపారు. 2013 మే 23న 97–0తో ఆమోదం వచ్చింది. నియోమీ రావుకి 2019 మార్చిలో 53–46. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఆ ఆరేళ్లలో సెనేట్ ఎలా మారిందో చెప్పడానికి వేరే పేరా అక్కర్లేదు. మధ్యలో 2013 నవంబరు ఉందని మాత్రం గుర్తుంచుకోండి. కింది కోర్టుల నామినేషన్లపై చర్చ ముగించడానికి 60 ఓట్లు కావాలన్న పద్ధతిని సెనేట్ అప్పుడే తీసేసింది.

మూడోది సెనేట్ జ్యుడీషియరీ కమిటీకి నామినీ స్వయంగా నింపి ఇచ్చే ప్రశ్నావళి. అసలు గని ఇదే, ఎక్కువమంది తెరవనిదీ ఇదే. చేసిన ప్రతి ఉద్యోగం, రాసిన వ్యాసాలు, ఇచ్చిన ప్రసంగాలు, వాదించిన కేసుల్లో ముఖ్యమైన పది, ఎదుటి పక్షం వకీళ్ల పేర్లు, ఆస్తిపాస్తులు అన్నీ వరుసగా ఉంటాయి. చాలా పెద్దది, మొత్తం చదవక్కర్లేదు. ఉద్యోగాల జాబితా, ఆ పది కేసులు తీసుకోండి. ఇది నామినీ తన గురించి తాను చెప్పుకున్నది కాబట్టి 'ముఖ్యమైన కేసులు' అన్నది ఆయన మాటగానే రాయాలి.

ఉద్యోగాల జాబితాలో 'లా క్లర్క్' అని వస్తుంది. దాన్ని గుమాస్తా అని తెలుగు చేస్తే మన జిల్లా కోర్టు ఆవరణలో ఫైళ్లు మోసే ప్లీడరు గుమాస్తా గుర్తొస్తాడు, చదివేవాళ్లు నవ్వుకుంటారు. అక్కడ లా క్లర్క్ అంటే లా పూర్తిచేసి, సాధారణంగా ఏడాదిపాటు జడ్జి దగ్గర పరిశోధన చేసి, తీర్పు ముసాయిదాల్లో చేయి కలిపే పట్టభద్రుడు. ఆ ఏడాది ఎవరి దగ్గర గడిపారన్నది కెరీర్‌లో బరువైన సంగతి. శ్రీనివాసన్, రావు ఇద్దరూ నాలుగో సర్క్యూట్‌లో జడ్జి జె. హార్వీ విల్కిన్సన్ దగ్గరే చేశారు. తర్వాత సుప్రీంకోర్టులో శ్రీనివాసన్ జస్టిస్ సాండ్రా డే ఒకానర్ దగ్గరికి, రావు జస్టిస్ క్లారెన్స్ థామస్ దగ్గరికి వెళ్లారు. లా క్లర్క్ అని అలాగే ఉంచండి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో విప్పండి.

తీర్పు ఎవరిదో తేల్చడం

పేపర్లు ఎక్కువగా కూలేది ఇక్కడే. అప్పీలు ముగ్గురు జడ్జిల ముందుకి వస్తుంది, ఒకరు అందరి తరఫున రాస్తారు. మీ జడ్జి ఆ ముగ్గురిలో ఉన్నంత మాత్రాన అది 'ఆయన తీర్పు' కాదు. డీసీ సర్క్యూట్ తీర్పయితే మొదటి పేజీల్లోనే, వకీళ్ల పేర్ల కింద, విన్న జడ్జిల పేర్లూ కోర్టు తరఫున రాసినవారి పేరూ విడివిడిగా ఉంటాయి. ఏకీభవిస్తూ వేరుగా రాసినవాళ్లు, విభేదించినవాళ్లు దాని కిందే. 'పర్ క్యూరియమ్' అని ఉంటే అది కోర్టు పేరు మీద వచ్చినట్టు, ఏ ఒక్క జడ్జికీ అంటగట్టొద్దు. ఎన్ బ్యాంక్ అంటే సర్క్యూట్ జడ్జిలంతా కూర్చున్నది. తొమ్మిదో సర్క్యూట్‌లో మాత్రం ఎన్ బ్యాంక్ అన్నా సాధారణంగా 11 మందే కూర్చుంటారు.

అధికారిక రిపోర్టుల్లో ప్రచురించని తీర్పులూ బోలెడు ఉంటాయి. 2007 జనవరి 1 తర్వాత వచ్చినవైతే ఉదహరించడానికి అడ్డు లేదు, కానీ పూర్వోదాహరణగా వాటికి అంత బలం ఉండదు. పేపరుకి వాటిని ఎంచుకోకపోవడమే మంచిది.

ఎన్ని తీసుకోవాలి? ఇరవై పేజీల పేపరుకి ఏడు చాలు. మెజారిటీ తరఫున రాసినవి మూడు, భిన్నాభిప్రాయాలు రెండు, వేరుగా ఏకీభవించినది ఒకటి, సుప్రీంకోర్టు దాకా వెళ్లినది ఒకటి. భిన్నాభిప్రాయాలని తగ్గించకండి. మెజారిటీ తీర్పులో పక్కవాళ్ల ఓటు నిలుపుకోవడానికి సర్దుకున్న మాటలుంటాయి, భిన్నాభిప్రాయంలో జడ్జి తన గొంతుతోనే మాట్లాడతారు.

తీర్పు పూర్తి పాఠం దొరికేది కోర్టు వెబ్‌సైట్లోనే, ఉచితంగా. కోర్ట్ లిజనర్ అనే ఉచిత వెబ్‌సైట్లో జడ్జి పేరుతో వెతకొచ్చు. పేసర్ అనే అధికారిక వ్యవస్థలో పేజీకి 10 సెంట్లు, ఒక్కో పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు పడుతుంది. మూడు నెలల బిల్లు 30 డాలర్లు దాటకపోతే మాఫీ. బ్రీఫులు, అంటే వకీళ్ల రాతపూర్వక వాదనలు, కావాలంటే తప్ప అటు వెళ్లక్కర్లేదు.

ఒక్క తీర్పుని దగ్గరగా

పాత జడ్జిని ఎంచుకున్నవాళ్లకి లర్నెడ్ హ్యాండ్ సులువు, టార్ట్స్ (పరిహారం రాబట్టే సివిల్ తప్పిదాలు) క్లాసులో పేరు వినే ఉంటారు. 1909లో జిల్లా జడ్జి, 1924 నుంచి రెండో సర్క్యూట్, 1961లో చనిపోయేదాకా జడ్జే. సుప్రీంకోర్టుకి ఎప్పుడూ వెళ్లలేదు, అయినా విద్యార్థులు ఆయన్ని అక్కడ కూర్చోబెడుతూనే ఉంటారు. ఇంకో ఉచ్చు: ఆయన దాయాది అగస్టస్ హ్యాండ్ కూడా అదే కోర్టులో జడ్జి. పాత రిపోర్టుల్లో ఎల్. హ్యాండ్, అగస్టస్ ఎన్. హ్యాండ్ అని విడిగా వేసేవారు. ఇంటి పేరు ఒక్కటే రాస్తే ఎవరి తీర్పో తేలదు.

ఆయన 1947లో రాసిన కారల్ టోయింగ్ తీర్పు (రిపోర్టుల్లో 159 ఎఫ్.2డి 169), విశాఖ రేవు చూసినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. న్యూయార్క్ రేవులో పిండి బస్తాల సరుకుతో అన్నా సి. అనే బార్జి కట్టి ఉంది. పక్కనున్న బార్జిని లాగడానికి వచ్చిన టగ్గు సిబ్బంది తాళ్లు సవరించారు. తాళ్లు జారి బార్జిల గుంపు కొట్టుకుపోయింది. అన్నా సి. ఒక ట్యాంకరుకి తగిలింది, ట్యాంకరు ప్రొపెల్లరు అడుగున చిల్లు పెట్టింది. బార్జి మనిషి అప్పటికి 21 గంటలుగా దాని మీద లేడు, చిల్లు సంగతి ఎవరికీ తెలియలేదు, బార్జి మునిగింది. జాగ్రత్తకయ్యే భారం బి, ప్రమాదం జరిగే అవకాశం పి, జరిగితే నష్టం ఎల్ అనుకుంటే, పి, ఎల్‌ల లబ్ధం కంటే బి తక్కువైనప్పుడు బాధ్యత వస్తుందన్నది హ్యాండ్ సూత్రం.

విద్యార్థులు సూత్రం దగ్గరే ఆగిపోతారు. ఇక్కడ తప్పు లెక్కించింది మునిగిన బార్జి యజమానిది, పరిహారంలో కోత పడాలా అన్నది ప్రశ్న. పైగా హ్యాండ్ మనిషి ఇరవైనాలుగు గంటలూ ఉండాలనలేదు. యుద్ధకాలపు రద్దీ రేవులో, జనవరి నెల కురచ పగళ్లలో, పగటి పనివేళల్లో ఉండాలనడం న్యాయమే అన్నారు. ఆ వివరం లేకుండా సూత్రం రాస్తే గైడు పుస్తకం చదివి రాసినట్టే ఉంటుంది.

గొంతు వినడం, ఆఖరి సరిచూపు

ఇప్పటి జడ్జి అయితే వాదనలు కనీసం రెండు వినండి. డీసీ సర్క్యూట్ వాదనలు సాధారణంగా ఉదయం 9:30కి మొదలవుతాయి. వాళ్ల వేసవి సమయంలో మనకి రాత్రి 7, చలికాలంలో 8. ఆ కోర్టు ఆడియో ఇస్తుంది, తొమ్మిదో సర్క్యూట్ వీడియో కూడా ఇస్తుంది. రికార్డింగులు తర్వాతా దొరుకుతాయి కాబట్టి కరెంటు పోయిందని బెంగ వద్దు. జడ్జి వేసిన ప్రశ్నలు రాసుకోండి, కానీ ప్రశ్నని బట్టి అభిప్రాయం ఇదీ అని తేల్చకండి. తమకి నచ్చిన పక్షాన్నే గట్టిగా నిలదీసే జడ్జిలుంటారు.

చీఫ్ జడ్జి పదవి గురించి రాసేటప్పుడు 'నియమించారు' అనొద్దు. అప్పటికి 65 నిండని, ఏడాదైనా పనిచేసిన జడ్జిల్లో అందరికన్నా సీనియర్‌కి అది దానంతటదే వస్తుంది. గడువు ఏడేళ్లు, 70 దాటాక కొనసాగరు. 2020 ఫిబ్రవరిలో డీసీ సర్క్యూట్ చీఫ్ జడ్జిగా మెరిక్ గార్లండ్ ఏడేళ్లు పూర్తయ్యాక శ్రీనివాసన్ వచ్చింది ఇలాగే. ఆయనకన్నా సీనియర్లు కోర్టులో ఉన్నా వాళ్లకి 65 నిండిపోయాయి.

పేపరు ఇచ్చే ముందురోజు రెండు పనులు మిగులుతాయి. జ్యుడీషియల్ సెంటర్ పట్టికని మళ్లీ ఒకసారి తెరిచి ఈలోగా సీనియర్ స్టేటస్ తీసుకున్నారేమో చూడండి. తర్వాత తేదీలన్నీ సరిచూడండి. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు. 6/11/2012 అంటే శ్రీనివాసన్ మొదటి నామినేషన్ రోజు, జూన్ 11. మన అలవాటుతో నవంబరు 6 అని చదివితే ఒబామా రెండోసారి గెలిచిన ఎన్నికల రోజు అవుతుంది, దాని మీద ఒక పేరా సిద్ధాంతం కూడా అల్లేయగలరు. నెలని అక్షరాల్లోనే రాయండి.