లైబ్రరీ వర్క్‌షాప్‌లో సర్టిఫికెట్ ఇవ్వరు, అయినా వెళ్లండి

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో వర్క్‌షాప్ అంటే రెండే. ఒకటి, ఫస్టియర్‌లో ఖాకీ చొక్కా వేసుకుని ఆకురాయితో ఇనుప ముక్కను అరగదీసేది. రెండోది, సెమినార్ హాల్లో రెండు రోజులు కూర్చుంటే చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో దక్కేది. ఆ లెక్కతోనే, అమెరికాలోని రాలీలో నార్త్ కరోలైనా స్టేట్ యూనివర్సిటీకి ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో, పేపర్లు వెతకడం, కోడింగ్ లాంటివి నేర్పే లైబ్రరీ వర్క్‌షాప్‌ల మెయిల్ వస్తే చూసి వదిలేశాను. మార్కులు లేవు, సర్టిఫికెట్ లేదు, ఇంకెందుకులే అనుకున్నాను. ఆ సెమిస్టర్‌లోనే ఒక రీసెర్చ్ పేపర్ చదవడానికి 30 డాలర్లకు పైగా కార్డు గీకాను. లైబ్రరీ లాగిన్‌తో అయితే అది ఊరికే వచ్చేదని తర్వాత తెలిసింది. ఆ డబ్బుకు సోనా మసూరి బస్తా వచ్చేది.

కాబట్టి ఆగస్టులో చదువుకు ఇక్కడ దిగే మీకు నేను చెప్పేది ఒక్కటే. క్లాసులు మొదలైన తొలి మూడు నాలుగు వారాల్లోనే వీటికి వెళ్లండి. మిడ్‌టర్మ్‌లు వచ్చాక కాళ్లు కదలవు.

ఇక్కడ పెద్ద లైబ్రరీలు రెండు. మెయిన్ క్యాంపస్‌లో హిల్, సెంటెనియల్ క్యాంపస్‌లో హంట్. రెండింటి మధ్య వుల్ఫ్‌లైన్ బస్సు తిరుగుతుంది, టికెట్ అక్కర్లేదు. హంట్ 2013లో తెరిచారు. 20 లక్షల పుస్తకాలు పట్టే బుక్‌బాట్ అనే రోబో గోదాం ఉంది అందులో. మనం ఆన్‌లైన్‌లో అడిగితే ఆ యంత్రమే పెట్టెలోంచి తీసిచ్చేస్తుంది. గాజు గోడ వెనక అది పనిచేస్తుంటే చూడొచ్చు, ఇంటికి వీడియో కాల్ చేసి చూపించని తెలుగు విద్యార్థి ఉండడేమో.

వర్క్‌షాప్‌ల పట్టిక లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. యూనిటీ ఐడీతో, అంటే యూనివర్సిటీ ఇచ్చే లాగిన్‌తో, పేరు నమోదు చేసుకోవడమే, ఫీజు లేదు. మామూలుగా గంట, రెండు గంటల్లో అయిపోతాయి.

మొదట వెళ్లాల్సింది పేపర్లు వెతకడం, రిఫరెన్సులు దాచుకోవడం గురించి చెప్పేదానికి. పైథాన్ కోడింగ్ దానికన్నా ముఖ్యం కదా అంటారు. కాదు. మన దగ్గర సెమినార్ రిపోర్టు ఎలా తయారయ్యేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సీనియర్ ఫైల్ తీసుకుని పేరు మార్చడమే. ఇక్కడ ఒక పేరా అలా వచ్చినా అకడమిక్ ఇంటెగ్రిటీ కేసు, అంటే చదువులో నిజాయితీ తప్పారనే కేసు, అవుతుంది. 'తెలియక చేశాను' అంటే వినరు. మాటలు మార్చి రాసినా, ఆలోచన ఎవరిదో చెప్పకపోతే అదీ తప్పే. ఈ సంగతి నాకు ఓరియెంటేషన్‌లో స్లైడ్ చూసినప్పుడు బుర్రకెక్కలేదు, వర్క్‌షాప్‌లో ఒక పేరాని ముక్కలు చేసి చూపించినప్పుడు ఎక్కింది.

అక్కడే జొటేరో కూడా నేర్పుతారు. జార్జ్ మేసన్ యూనివర్సిటీలో పుట్టి 2006లో బయటికొచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. బ్రౌజర్‌లో ఒక బటన్ నొక్కితే పేపర్ వివరాలన్నీ దాచుకుంటుంది. వర్డ్‌లో రాసేటప్పుడు రిఫరెన్సులు రాసే తీరుల్లో ఐట్రిపుల్ఈ పద్ధతో, ఏపీఏ పద్ధతో మనం ఎంచుకుంటే వాటి జాబితా తనే తయారుచేస్తుంది. 300 ఎంబీ దాకా ఆన్‌లైన్ నిల్వ ఉచితం. అయితే గుడ్డిగా నమ్మకండి, పేర్లూ సంవత్సరాలూ ఒకసారి సరిచూసుకోండి. చాట్‌జీపీటీని రిఫరెన్సులు అడిగేవాళ్లయితే రెండుసార్లు చూసుకోండి. లేని పేపర్‌ని కూడా రచయిత పేరుతో సహా అల్లేస్తుంది.

ఈలోగా ఒక చిన్న పని. గూగుల్ స్కాలర్ సెట్టింగ్స్‌లో లైబ్రరీ లింక్స్ అని ఉంటుంది. అక్కడ మన యూనివర్సిటీని చేర్చండి. లైబ్రరీ కొన్న పేపర్ల పక్కన లింక్ కనిపిస్తుంది. లైబ్రరీలో లేకపోతే ట్రిప్‌సేవర్ అనే లైబ్రరీ సేవలో అడిగితే వేరే చోటి నుంచి తెప్పిస్తారు. కార్డు గీకే అవసరమే రాదు.

ఇక కోడింగ్. పైథాన్, ఆర్ భాషలు, కోడ్‌లో చేసిన మార్పులు దాచే గిట్ మొదలైనవాటికి బొత్తిగా రానివాళ్ల కోసమే కొన్ని పెడతారు. సివిల్, బయాలజీ, టెక్స్‌టైల్స్ వాళ్లకు ఇవి వరం. 1998లో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ అనే సంస్థ పద్ధతి చాలా యూనివర్సిటీల్లో కనిపిస్తుంది. చెప్పేవాళ్లు ముందు టైప్ చేస్తుంటే మనమూ వెంట టైప్ చేయాలి, మధ్యలో తప్పొస్తే చూడ్డానికి సహాయకులు తిరుగుతుంటారు. ఫస్టియర్ కార్పెంటరీలో మేస్త్రీ పక్కన నిలబడి నేర్పినట్టే. ఇలాంటివాటిలో రంగు కాగితం ముక్కలు ఇస్తారు. ఇరుక్కుంటే ఒకటి ల్యాప్‌టాప్‌కి అంటిస్తే చాలు, చెయ్యెత్తి అందరిముందూ ఇంగ్లిష్‌లో అడిగే టెన్షన్ లేదు. మాలాంటి మొహమాటస్తులకు ఇంతకంటే ఏం కావాలి?

రెజ్యూమేలో 'ఫలానా వర్క్‌షాప్‌కి హాజరు' అని మాత్రం రాయకండి. నేర్చుకున్నదానితో చిన్న ప్రాజెక్టు చేసి, కోడ్ అందరికీ కనిపించేలా పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టండి, అది రాయండి.

హిల్‌లో మేకర్‌స్పేస్ ఉంది, అంటే మన చేతులతో వస్తువులు తయారుచేసుకునే చోటు. త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటర్, కుట్టు మిషన్లు కూడా. ముందు ఓరియెంటేషన్‌కి వెళ్లాలి, అప్పుడే మిషన్ ముట్టుకోనిస్తారు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి దీపావళికి బ్లౌజు అక్కడే సరిచేసుకుంది.

వర్క్‌షాప్ అయ్యాక అసలు లాభం చెప్పినవాళ్ల పరిచయం. ప్రతి డిపార్ట్‌మెంట్‌కీ ఒక లైబ్రేరియన్ ఉంటారు. మెయిల్ రాసి అపాయింట్‌మెంట్ తీసుకుంటే అరగంట పక్కన కూర్చుని మీ టాపిక్ మీద వెతకడం చూపిస్తారు. మన ఊళ్లో లైబ్రేరియన్ అంటే పుస్తకం లేటయితే ఫైన్ వేసే మనిషి, అందుకే మనకు అడగాలని తోచదు. సర్, మేడమ్ అని రాయక్కర్లేదు, పేరు పెట్టి 'హలో' అనడమే ఇక్కడి మర్యాద. నాకు ఒక సెమిస్టర్ పట్టింది నోరు తిరగడానికి.

లైబ్రరీల్లో విద్యార్థులకు పార్ట్‌టైమ్ ఉద్యోగాలూ ఉంటాయి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా చేయొచ్చు. ముఖం తెలిసినంత మాత్రాన ఉద్యోగం ఇవ్వరు గానీ, ఆ చోటు ఎలా నడుస్తుందో తెలిసినవాడు ఇంటర్వ్యూలో తడబడడు.

వేరే యూనివర్సిటీలో చేరుతున్నారా? పేర్లు మారతాయి, అంతే. ఏ పెద్ద యూనివర్సిటీ లైబ్రరీ వెబ్‌సైట్‌లోనైనా వర్క్‌షాప్స్ అని వెతకండి.

ఇంకొకటి. ఉచితమే కదా అని అన్నిటికీ పేరిచ్చేసి ఎగ్గొట్టకండి. సీట్లు తక్కువ ఉంటాయి. వెళ్లలేమనిపిస్తే ముందురోజే రద్దు చేయండి, వెయిటింగ్ లిస్టులో ఉన్నది మీ రూమ్మేటే కావచ్చు.