మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందు కాగితం మీద ఏమేం రాసుకోవాలి

వానలు పడకముందే ఇల్లు బాగుచేయించుకోవాలని ఏప్రిల్, మే నెలల్లో అందరూ ఒకేసారి మేస్త్రీల వెంట పడతారు. మృగశిర కార్తె లోపు స్లాబు పని అయిపోవాలన్న తొందర. ఆ తొందరలో ఇంటికొచ్చిన కాంట్రాక్టర్ టేపు పెట్టి రెండు గదులు కొలిచి, "మొత్తం రెండు లక్షల ఎనభై వేలవుతుంది సార్, రేపు లక్ష ఇస్తే ఎల్లుండి మనుషుల్ని దింపేస్తా" అంటాడు. ఆ "మొత్తం" అన్న మాట దగ్గర ఆగండి.

మేం పాత బాత్రూమ్ మార్పించినప్పుడు కాంట్రాక్టర్ అన్న మాట "బాత్రూమ్ మొత్తం మాదే" అని. మా లెక్కలో మొత్తం అంటే పాత టైల్స్ పగలగొట్టడం దగ్గర్నుంచి కొత్త కుళాయి బిగించేదాకా, ఆయన లెక్కలో టైల్స్ పని, పైపుల పని మాత్రమే. మూడో రోజుకి రెండో అంతస్తు వరండాలో టైల్స్ ముక్కలు, గోడ పెళ్ళలు, విరిగిన పైపులు ఖాళీ సిమెంటు సంచుల్లో నింపి నలభై దాకా పేర్చారు. కిందికి మోయడానికి సంచికి ఇంత, ట్రాలీ ఆటోకి ఇంత అన్నారు. ఆయన్ని మోసగాడని నేను ఇప్పటికీ అనను. ఒకే మాటని ఇద్దరం రెండు రకాలుగా విన్నాం, దానికి పన్నెండు వేలు అదనంగా కట్టాం.

నోటి మాట చెల్లదని కాదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటి ఒప్పందమూ ఒప్పందమే. కానీ గొడవొచ్చిన రోజున ఎవరేమన్నారో రుజువు చేయడం మన వల్ల కాదు.

ముందు తేల్చాల్సింది ఇది లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో కలిపా అని. లేబర్ మాత్రమే అయితే మేకులు, ఇసుక జల్లెడ, కరంటు వైరు టేపు లాంటి చిల్లర సామాను ఎవరిదో కూడా రాయండి, రోజూ షాపుకి పరుగెత్తేది వాటి కోసమే. మెటీరియల్‌తో అయితే "మంచి క్వాలిటీ" అన్న మాట కొట్టేసి కంపెనీ పేరు, రకం, మందం రాయించండి. వంటగది అల్మారాలకి ప్లైవుడ్ అంటే నీళ్ళకి తట్టుకునే ఐఎస్ 710 రకం, 18 ఎంఎం అని ఉండాలి. టైల్స్‌కి చదరపు అడుగుకు ఇంత రేటు దాకా ఆయన లెక్కలో, దాటితే తేడా మాది అని ఉండాలి.

స్లాబు వాటర్‌ప్రూఫింగ్ సంగతి ఇంకా విడమర్చి రాయాలి, ఎందుకంటే రంగులాగా పైపైన పూసేసి వెళ్ళిపోవడానికి ఎక్కువ వీలున్న పని అదే. ఊడిన పాత గచ్చు చెక్కేస్తారా, పగుళ్ళు దేనితో పూడుస్తారు, స్లాబూ పిట్టగోడా కలిసే మూలని గుండ్రంగా తీరుస్తారా, నీళ్ళు పైపు వైపు పోయేలా వాలు పెడతారా, కెమికల్ ఏ కంపెనీది, ఎన్ని కోటింగులు, పిట్టగోడ మీదకి ఎన్ని అంగుళాలు ఎక్కిస్తారు, ఇవన్నీ. ఆఖర్న 48 గంటలు నీళ్ళు కట్టి, కింద గదిలో చెమ్మ రాలేదని చూశాకే ఆ పని అయినట్టు లెక్క అని తప్పకుండా పెట్టండి. బాత్రూమ్‌కీ అంతే, టైల్స్ పరిచేముందే నీళ్ళు నిలబెట్టి చూడాలి, తర్వాత చూస్తే పగలగొట్టడం తప్ప దారి లేదు.

డబ్బు తేదీల ప్రకారం ఇవ్వొద్దు, పని ప్రకారం ఇవ్వండి. "ప్రతి శనివారం ముప్పై వేలు" అని ఒప్పుకుంటే పని సగంలో ఉండగా డబ్బు అయిపోతుంది. అడ్వాన్సు పది శాతానికి మించకుండా చూసుకుని, పగలగొట్టడం అయ్యాక ఇంత, పైపులూ వైరింగూ అయ్యాక ఇంత, టైల్స్ అయ్యాక ఇంత అని మెట్లు పెట్టుకోండి. చివరి పది శాతం ఒక వానాకాలం గడిచాకే ఇస్తామని రాయండి. ఈ ఒక్క మాట మీద చాలామంది వెనక్కి తగ్గుతారు. ఐదు శాతానికైనా బేరం ఆడండి కానీ పూర్తిగా వదలొద్దు, స్లాబు కారుతోందో లేదో ఎండలో తెలియదు.

ఎక్స్‌ట్రా పనుల దగ్గర సంబంధాలే చెడతాయి. పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉండి డబ్బు పంపిస్తుంటే, ఇక్కడ అమ్మ "బాబూ, ఆ మూల ఒక అరుగు కూడా కట్టు" అని నోటితో చెప్పేస్తుంది, బిల్లు వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ టెన్షన్. అందుకే అదనపు పని ఎవరు చెప్తే చెల్లుతుందో ఒకే పేరు రాసి, రేటు వాట్సాప్‌లో ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలని పెట్టుకోండి. రంగుల కొలతలో తలుపులు, కిటికీలు తీసేసి కొలుస్తారా కలిపి కొలుస్తారా అన్నది కూడా ముందే అడగండి, పెద్ద ఇంట్లో ఆ తేడా వేలల్లో ఉంటుంది.

గడువు రాసేటప్పుడు పండగలకి కూలీలు ఊళ్ళకెళ్ళే రోజులు కలుపుకునే రాయండి, లేకపోతే ఆ గడువుని ఎవరూ పట్టించుకోరు. చెత్త ఎవరు తీస్తారు, ఎక్కడ పోస్తారు? హైదరాబాద్‌లో కూల్చిన చెత్త తీసుకోవడానికి జీడిమెట్ల, ఫతుల్లగూడలో ప్లాంట్లున్నాయి, రోడ్డు పక్కన పారబోస్తే జరిమానా ఇంటివాళ్ళ మీద పడొచ్చు. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ అనుమతి ముందు తీసుకోండి, గోడ తీయాలనుకుంటే ఇంజనీర్‌కి చూపించకుండా మేస్త్రీ మాట మీద సుత్తి ఎత్తనివ్వొద్దు. ఎత్తు మీద పనిచేసే మనుషులకి బెల్టు, హెల్మెట్ ఎవరిస్తారో, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదో రాయకుండా ఎవరినీ సారవ ఎక్కించకండి. మనింటి పనికొచ్చిన మనిషి క్షేమంగా తిరిగి వెళ్ళడం అన్నిటికన్నా ముఖ్యం.

మామూలుగా 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుంటారు. రెండు కాపీలు, ప్రతి పేజీలో ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు, కాంట్రాక్టర్ ఆధార్ జిరాక్స్, పని మొదలవకముందు ప్రతి గోడ ఫోటో ఉండాలి. డబ్బు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో పంపండి, చేతికిస్తే అప్పుడే రసీదు తీసుకోండి. తేడా వచ్చి మాటలతో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడానికి రెండేళ్ళ గడువుంటుంది.

సంతకాలకి ముందు కాంట్రాక్టర్‌తో పాటు పని చేసే మేస్త్రీని కూడా కూర్చోబెట్టి, కాగితం తెలుగులో ఉండేలా చూసి, మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించండి. "ఇది మా దాంట్లో లేదు సార్" అని ఆయన ఆపే చోట్లు రెండో మూడో తప్పకుండా వస్తాయి. అవి అక్కడికక్కడే పెన్నుతో దిద్ది, పక్కన ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టాకే అడ్వాన్సు చేతికివ్వండి.